సుక్కి నేర్పిన ఏడుపు

మానుకోట బజార్లో కిరాణా దుకాణం పెట్టుకున్న వెంకటేశ్వర్లు సేటుకు సుక్కి కనబడితే చాలు, నాలుక దురద పుట్టేది. ఆమె ఉప్పుకో పప్పుకో వచ్చి నిలబడగానే త్రాసు చేతిలో పట్టుకొనే మొదలుపెట్టేవాడు.

"ఏం సుక్కీ, ఏడుపు దుకాణం ఎట్ల నడుస్తున్నది?"

"మంచిగనే నడుస్తున్నది సేటూ. నీ బిడ్డ పెండ్లికి పిలువు, నీకు గూడ జరంత నేర్పుత."

దుకాణం ముందున్నవాళ్లంతా నవ్వేవాళ్లు. సుక్కీ నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది? ఏడుపు నేర్పడం కూడా ఒక పనేనా అని తెలుగువాళ్లకు విడ్డూరం. లంబాడీ తాండాల్లో మాత్రం అది పనే, అందులోనూ ఆషామాషీ పని కాదు. పెళ్లి కుదిరిన పిల్ల ఢావ్లో నేర్చుకోవాలి. ఢావ్లో అంటే రాగం తీసి ఏడ్చే పాట. తల్లి మెడ పట్టుకొని, తండ్రి కాళ్లు పట్టుకొని, ఆఖరికి కొట్టంలో లేగదూడను పట్టుకొని కూడా పిల్ల పాడుతూ ఏడవాలి. అత్తగారింటికి బయలుదేరే రోజు సింగారించిన ఎద్దు మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, పుట్టింటిని దీవిస్తూ హవేలి పాడాలి. ఆ పాట అయ్యాకే ఎద్దు కదులుతుంది. ఏడవడం చేతకాని పిల్లను అత్తగారి తాండాలో ముసలిదయ్యేదాకా ఎత్తిపొడుస్తారు. అందుకే, పెళ్లి కుదిరిందంటే ముందు సుక్కికి కబురొచ్చేది.

సుక్కి పుట్టింది మానుకోట దగ్గరి తాండాలో. పెళ్లయి ఘనపూర్ దిక్కు పోయింది. మొగుడు చత్రును పొలంలో పాము కరిచింది. పిల్లా జెల్లా లేరు. జై తెలంగాణ అంటూ చదువుకునే పిల్లలు రోడ్ల మీదికొచ్చి, బస్సులూ రైళ్లూ ఆగిపోయిన అరవై తొమ్మిదిలో, నెత్తిన మూట పెట్టుకొని కొంత నడిచి, కొంత బండెక్కి తమ్ముడు దేవ్యా ఇంటికి వచ్చిపడింది. "ఏడ్చుకుంట పోయిన, ఏడ్చుకుంట వచ్చిన" అని తన బతుకును తానే రెండు ముక్కల్లో తేల్చేసేది. తాండాలో ఏడుపు నేర్పే ముసలమ్మ ఆ ఏడే కన్నుమూసింది. సుక్కిది ఊరుకునే నోరు కాదు, గొంతు కూడా అట్లాంటిదే. ఎవరూ చెప్పకుండానే ఆ పని ఆమెకు దక్కింది.

ఆమె పద్ధతి ఆమెది. ‘నాకు దుఃఖమైతున్నది’ అని ఏ పిల్లన్నా పాడిందా, వీపు మీద ఒక్కటి చరిచేది.

"దుఃఖమని చెప్తే ఎవడు ఇంటడే? దుఃఖం కనవడాలె. మీ యాడి రొట్టెలు కాల్చే పెనం ఉన్నది గద, దానితోని మాట్లాడు. ‘పెనమా పెనమా, రేపటి సంది నీ మీద ఒక రొట్టె తక్కువ కాలుతది’ అను. ఇగ చూడు, మీ యాడి అక్కన్నే కూలవడతది."

నిజంగానే కూలబడేవాళ్లు. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. ఏ తాండాలో ఏ తల్లి ఏ మాటకు కూలబడుతుందో సుక్కికి ముందే అంచనా ఉండేది. ఒకరి ఇంట్లో విసుర్రాయి, ఇంకొకరి ఇంట్లో కుంటి మేక. ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, ఆ ఇంటి ఏడుపు ఎక్కడుందో పట్టుకునేది.

ఎనభై ఒకటి ఎండాకాలంలో దేవ్యా బిడ్డ బుజ్జి సెలవులకు ఇంటికి వచ్చింది. మానుకోట హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పిల్ల. తొమ్మిది పాసై పదిలోకి వచ్చింది. ఆమె ఇంటికి చేరేసరికే పెళ్లి మాట అయిపోయింది. పిల్లవాడు మోతీలాల్, ఘనపూర్ దగ్గరి తాండా నాయక్ దేవ్‌సింగ్ కొడుకు. భూమి ఉంది, గొడ్లున్నాయి, పిల్లవాడికి తాగుడు లేదు. రెండు తాండాల పెద్దలు కూర్చొని బెల్లం తిన్నారు. అందరి ముందూ బెల్లం తిన్నారంటే ఇక ఆ మాట దాటేది లేదు. దేవ్యా తన బిడ్డకు మంచే చేస్తున్నాననుకున్నాడు. అతని జాగాలో ఉన్న ఏ తండ్రైనా ఆ సంబంధం వదులుకునేవాడు కాదు.

సుక్కి సంబరం చెప్పనలవి కాదు. ఊళ్లో పిల్లలందరికీ నేర్పింది, ఇప్పుడు సొంత మేనకోడలికి నేర్పాలి. తీరా మొదటి రోజే పిల్ల మూతి ముడుచుకొని కూర్చుంది.

"నాకు రాదు అత్తా" అంది బుజ్జి.

"పెండ్లి పెట్టుకొని రాదంటే ఎట్లనే? మరి గన్నేండ్లు బడిల ఏం నేర్పిన్రు?"

"కథలు చెప్పిన్రు."

"ఏం కథలు?"

జనగామ నుంచి వచ్చిన వనమాల టీచరు తెలుగు చెప్పేదట. ఒకరోజు ఒక కథ చదివి వినిపించిందట. ఒకామె ఇంట్లో పాడిబర్రెను అమ్మేస్తారు. ఆమె అడ్డం చెప్పదు, ఏడవదు, పలుపు విప్పి తానే చేతికిస్తుంది. తెల్లారి లేచి చెంబు కడుక్కొని కొట్టంలోకి పోతుంది. ఖాళీ గుంజ దగ్గర చెంబు పెట్టుకొని కూర్చుంటుంది. కథ అంతే. ఆమె మనసులో ఏముందని టీచరు అడిగితే పిల్లలంతా బాధ, బాధ అని అరిచారట.

"అప్పుడు టీచర్ ఏమన్నదంటే, ‘బాధ అన్న మాట కథల ఏడ రాసి ఉన్నదో చూపియ్యిన్రి’ అన్నది. ఎంత దేవులాడినా దొరకలే అత్తా. గా రాసినాయన ఆమె మనసుల ఉన్నదంత తీసి చెంబుల పెట్టిండట. మంచి కథల మనిషి మనసు గట్లనే తెలుస్తదట, చేతుల ఉన్న వస్తువుల, చుట్టు ఉన్న ఎండల వానల, ఆఖరికి మాట్లాడకుంట ఊకున్న కాడ గూడ."

సుక్కి కళ్లు ఇంతలేసి అయ్యాయి. "గా రాసినాయన మన తాండాల పుట్టిండా ఏంది? గది మన ఏడుపే గదనే పిల్లా. కాకపోతే గుంజతోని రెండు మాటలు మాట్లాడియ్యాల్సింది. గుంజను ఊకెనే ఇడిశిపెట్టిండు."

బుజ్జి చాలా రోజుల తరువాత నవ్వింది. ఆ నవ్వు చూసి సుక్కి, పిల్ల దారికొచ్చిందనుకుంది.

దారికి రావడం కాదు, దౌడు తీసింది. కథల పిల్ల కదా, ఒక్కటి చెప్తే నాలుగు అల్లేది. తాండాలో అంతవరకూ ఢావ్లో అంటే పెనం, లేగ, కడవ, వాకిలి. బుజ్జి పాటలోకి కొత్త సామాను వచ్చింది.

"బడి గంటా, నా పేరు పెట్టి పిలువకు, నా పేరు ఊరు దాటి పోతున్నది.
కిటికీ పక్క బల్లా, నా జాగల ఎవరినన్న కూసోవెట్టుకో, ఖాళీగ ఉండకు.
లాంతరూ లాంతరూ, నీ వెలుగుల సగం పుస్తకం అట్లనే ఉన్నది, నువ్వే చదువుకో."

సుక్కి మురిసి ముక్కలైంది. గంటనూ బల్లనూ కూడా ఏడిపించవచ్చని ఆమెకు ఎన్నడూ తోచలేదు. కనబడిన వాళ్లందరికీ చెప్పింది. పక్క తాండాల ఆడవాళ్లు పనిగట్టుకొని వచ్చి విని, కొంగులు తడుపుకొని పోయేవాళ్లు. ‘ఎంత నేర్పినవ్ సుక్కీ’ అంటే ‘రక్తం ఎక్కడికి పోతది’ అని గొప్పలు పోయేది. చూడండి మరి. ఏడుపు మీదే బతికిన మనిషి, ఎవరి గొంతు ఎక్కడ పగులుతుందో తెలిసిన మనిషి, ఎదురుగా కూర్చున్న పిల్ల నిజంగా ఏడుస్తున్నదని కనిపెట్టలేకపోయింది. రోజూ మిరపకాయలు దంచేవాళ్లకు ఘాటు తగలదంటారు, అట్లా అయింది ఆమె సంగతి.

పెళ్లి దగ్గరపడింది. ఒక సాయంత్రం దేవ్యా చేను నుంచి వచ్చి గుమ్మంలో కూర్చోగానే బుజ్జి అతని కాళ్లు పట్టుకొని పాట ఎత్తుకుంది.

"బాపూ, నన్ను పంపకు బాపూ. వానలు పడితే బడి తలుపు తెరుస్తరు. నీ బిడ్డ ఏదని అడుగుతరు. ఏం చెప్తవు బాపూ?"

వాకిట్లో ఆడవాళ్లంతా భోరుమన్నారు. దేవ్యా అయితే రుమాలు మొహానికి అడ్డం పెట్టుకొని చిన్నపిల్లవాడిలా వెక్కాడు. తరువాత రుమాలు తీసి చుట్టూ చూశాడు. కళ్లలో నీళ్లు, మొహమంతా గర్వం.

"ఇన్నరా నా బిడ్డ ఏడుపు? ఘనపూరోళ్లు నోరు తెరుసుకొని చూడాలె."

బుజ్జి పాట మధ్యలో ఆపేసింది. తండ్రి కాళ్లు వదిలి, అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి లోపలికి పోయింది. సుక్కి అది కూడా పాటలో విరుపే అనుకుంది. బాగుంది అనుకుంది.

మరుసటి రోజు బావి దగ్గర బట్టలు పిండుతుంటే పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది.

"అత్తా, నిన్న నేను పాడలే. చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"పోనని చెప్పిన. మొన్న చేను కాడ రాగం లేకుంట, ఇప్పుడు నీతోని మాట్లాడినట్లనే మాట్లాడిన బాపుతోని. పది చదువుత, నన్ను పంపకు అన్న. ‘ఏడుపు అప్పుడే మొదలువెట్టినవా బిడ్డా, జర గొంతు దాసుకో’ అన్నడు. యాడికి చెప్పిన. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి ఆమె పెండ్లిల ఎట్ల ఏడ్చిందో పాడి ఇనిపిచ్చింది. ఇగ ఎవలకు చెప్పాలె? పోనని ఎట్ల చెప్తే పోనని అర్థమైతది అత్తా?"

సుక్కికి అలవాటు కొద్దీ నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు పిల్ల మొహం చూసి ఆగిపోయింది. ఆ కళ్లలో చుక్క నీరు లేదు. ఇన్నేళ్లలో సుక్కి ఎదుట ఏడవని పెళ్లికూతురు నిలబడటం అదే మొదలు.

ఆ రోజు నుంచి సుక్కి కాలుగాలిన పిల్లి అయింది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. రొట్టె కాలుస్తూ వాకిట్లోకి వస్తుంది, రొట్టె మాడుతుంది. తన పెళ్లి గుర్తొచ్చింది. తానూ తండ్రి కాళ్లు పట్టుకొని పోనంది. నిజంగానే అంది. ఇంత చక్కగా ఏడ్చే పిల్లను చూడలేదని తాండా అంతా మెచ్చుకుంది. ఆ మెప్పు ఎంత తియ్యగా తగిలిందంటే, తాను ఎందుకు ఏడ్చిందో తానే మరిచిపోయింది. తరువాత తాను నేర్పిన పిల్లలు గుర్తొచ్చారు. మంగ్లి అనే పిల్ల గుమ్మం పట్టుకొని వదలక గోళ్లు విరగ్గొట్టుకుంటే, ‘సెబాసు, గట్ల పట్టుకోవాలె’ అని తానే అన్నది. మంగ్లి గుమ్మం పట్టుకున్నది పాట కోసమా? ఎవరిది పాట, ఎవరిది ప్రాణం? ఒక్కరినైనా అడిగితే కదా తెలిసేది. తన మీద తనకు అసహ్యం పుట్టింది సుక్కికి.

ఉండబట్టలేక దేవ్యా దగ్గరికి పోయింది. అతను ఎద్దుకు కట్టే గవ్వల పట్టెడ సరిచేస్తున్నాడు.

"తమ్మీ, పిల్ల నిజంగనే పోనంటున్నది."

"పెండ్లి పిల్లలు గట్లనే అంటరు అక్కా. నువ్వు అన్లేదా?"

"అన్న. నిజంగనే అన్న."

దేవ్యా చెయ్యి ఆగింది. తల ఎత్తి అక్కను చూశాడు. మళ్లీ పట్టెడ అందుకున్నాడు.

"మరి పోయినవ్ గద. బతికినవ్ గద" అన్నాడు.

సుక్కి పట్టెడ మీద చెయ్యి వేసి ఆపింది. "జర దాని మొహం చూడు తమ్మీ" అంది.

"బెల్లం తిన్నం అక్కా. తిన్న బెల్లం కక్కమంటవా? దేవ్‌సింగ్ ముందల నన్ను ఏం మొహం పెట్టుకోమంటవ్?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పెళ్లివాళ్లు వచ్చారు. డప్పులు మోగాయి. పెళ్లి జరిగింది. పెళ్లి తంతులో పిల్ల నోటితో పని లేదు, అంతా పెద్దలూ ముత్తైదువలూ చూసుకుంటారు. చుట్టూ ఆడవాళ్ల పాటల్లో ఆమె ఏమన్నా ఎవరికీ వినబడదు. పిల్ల నోరు కావలసింది ఒక్కచోటే, ఎద్దు మీద. అక్కడ అందరూ నోరు మూసుకొని ఆమె గొంతు కోసం ఎదురుచూస్తారు. సుక్కికి ఈ సంగతి పెళ్లి జరుగుతుండగా తట్టింది.

సాగనంపే రోజు పొద్దున, పిల్లకు గాజులు తొడిగే వంకతో దగ్గర కూర్చుంది.

"పాడకు" అంది మెల్లగా.

"ఏంది అత్తా?"

"ఎంత మంచిగ పాడితే అంత మెచ్చుకుంటరు. ఎద్దు మీద నోరు తెరవకు. హవేలికి మొదటి మాట నేనే అందియ్యాలె గద, నేను అందియ్య. మస్తు తిడతరు. పెండ్లయి పోని పిల్ల అని రేపు నిన్ను ఎవడు చేసుకుంటడో లేదో. గది గూడ ఆలోచించుకో. తరువాత నన్ను అనకు."

బుజ్జి అత్త చేతిలోంచి గాజులు తీసుకొని తానే తొడుక్కుంది.

ఎద్దును తెచ్చి వాకిట్లో నిలబెట్టారు. ఇద్దరు పట్టుకొని పిల్లను ఎక్కించారు. డప్పు ఆగింది. తాండా తాండా అంతా అక్కడే ఉంది. బుజ్జి రెండు చేతులూ పైకెత్తింది. అందరూ సుక్కి వైపు చూశారు, ఆమె మొదటి మాట అందించాలి. సుక్కి నేల చూపులు చూసింది. పిల్ల నోరు తెరవలేదు.

కాసేపు సిగ్గు అనుకున్నారు. తరువాత గొంతు పట్టిందనుకున్నారు. నీళ్లిచ్చారు, తాగలేదు. ఆడవాళ్లు తలా ఒక మాట అందించబోయారు. పిల్ల చేతులు అట్లాగే ఉన్నాయి. హవేలి పాడకుండా బిడ్డ పోతే ఆ ఇంట గొడ్డూ గోదా నిలవదని నమ్మకం. ముసలివాళ్లకు భయం పట్టుకుంది.

"ఏందిది దేవ్యా? గింత మంచిగ ఏడుస్తదని చెప్పినవ్ గద" అన్నాడు దేవ్‌సింగ్.

దేవ్యా ఎద్దు పక్కకు వచ్చాడు. "బిడ్డా, దీవించకుంటనే పోతవా? నేనేం చేసిన నీకు?"

"పోను బాపు" అంది బుజ్జి. రాగం లేదు, వెక్కు లేదు. అంత నిశ్శబ్దంలో ఆ రెండు మాటలు వెనకాల ఉన్న ముసలివాళ్లకు కూడా వినబడ్డాయి. "నేను పోను. బడికి పోత."

దేవ్యా చటుక్కున సుక్కి వైపు తిరిగాడు. "అక్కా, జర అందుకో. నువ్వు అందుకుంటే అది పాడుతది. నీ కాల్మొక్త అందుకో."

పన్నెండేళ్ల అలవాటు. మొదటి మాట గొంతు దాటి నాలుక మీదికి వచ్చింది. అది పాడితే తమ్ముడి పరువు నిలబడుతుంది, తన పేరు నిలబడుతుంది, రేపటి నుంచి తిండి కూడా ఆ తమ్ముడి ఇంట్లోనే తినాలి. సుక్కి కొంగు నోట్లో కుక్కుకొని పళ్లతో కరిచిపట్టింది. కాసేపటికి కొంగు తీసి, "అందుకోను తమ్మీ" అంది. "గది పాట కాదు."

దేవ్యా అప్పుడు చూశాడు బిడ్డ మొహం. ఇన్నాళ్లూ విన్నాడే కానీ చూడలేదు. ఎద్దు మెడ మీద చెయ్యి వేసుకొని కొంతసేపు నిలబడ్డాడు. తరువాత ఆ చెయ్యి తీసి బిడ్డకు అందించాడు. ఆమె అతని భుజం పట్టుకొని దిగింది. దిగాక ఏడ్చింది. రాగమూ లేదు, మాటా లేదు, ముక్కు కారుతూ, ఎక్కిళ్లు పడుతూ, చూడటానికి బాగాలేని ఏడుపు. ఆ ఏడుపును ఎవరూ మెచ్చుకోలేదు.

తరువాత జరగవలసిన రభస జరిగింది. రెండు తాండాల పంచాయతీలో దేవ్యా తలకు చుట్టిన రుమాలు తీసి దేవ్‌సింగ్ కాళ్ల దగ్గర పెట్టాడు. పిల్లకు ఓలి కింద వాళ్లు తోలిన ఎద్దులు తిరిగి తోలాడు, పైన ఇంకో దూడను తోలాడు. మోతీలాల్ మాత్రం, "ముందే చెప్తే ఎద్దును గింతగనం సింగారియ్యకపోదుం" అని ఊరుకున్నాడు. మంచి పిల్లవాడే పాపం. వానలు పడ్డాక బుజ్జి హాస్టల్‌కు పోయింది. పదిలో లెక్కలు తప్పింది, మళ్లీ కట్టి పాసైంది. దేవ్యా అక్కతో కోతల దాకా మాట్లాడలేదు.

సుక్కిని మాత్రం ఆ తరువాత ఏ తాండా పిలవలేదు. ఎద్దు మీది పిల్లను దింపిన మనిషిని పెళ్లి ఇంటికి ఎవరు రానిస్తారు? వెంకటేశ్వర్లు సేటు కూడా ఎకసెక్కం మానేసి, అడిగింది తూచి ఇచ్చి పంపేవాడు. పిలుపులు లేకపోయినా సుక్కికి నిలకడ రాలేదు. దూరాన ఎక్కడ ఢావ్లో వినబడినా చేతిలో పని జారిపోయేది. పాటలో మంచి విరుపు పడిందా, ఇక ఆగలేక పరుగున పోయేది. పెళ్లికూతురి పక్కన కూలబడి, "నిజమా పిల్లా, పాటనా?" అని అడిగేది. పిల్లలు బెదిరిపోయేవాళ్లు, తల్లులు తిట్టి వెళ్లగొట్టేవాళ్లు. సుక్కికి మతి చలించిందన్నారు.

ఎనభై ఆరులో పత్తి ఏరడానికి కూలీలతో కలిసి బచ్చన్నపేట పోయింది. ఆమె ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం చేను పక్కన తాండాలోంచి పాట వచ్చింది. మామూలు పాటే, పెనమూ లేగా ఉన్న పాతపాట. గొంతు కూడా గొప్పది కాదు. సుక్కి ఒడిలో పత్తి అక్కడే కుమ్మరించి పోయింది. గుడిసెలో ముసుగు వేసుకొని కూర్చున్న పిల్ల పక్కన చతికిలబడి అదే మాట అడిగింది. పాట ఆగింది.

"ఎవలవే నువ్వు?" అని పిల్ల తల్లి ఉరిమింది. "మా పిల్లకేం గాలే. మంచిగ ఏడుస్తున్నది. నడువ్ బయటికి."

సుక్కికి ఆ తిట్లు కొత్త కాదు. సరేనని నేల మీద చెయ్యి ఆనించి లేవబోయింది. ముసుగులోంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. తల్లి అరుస్తూనే ఉంది, చుట్టూ ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఆ చెయ్యి వదలలేదు.